రాసిన డిస్క్ నిలుస్తుందా? సీడీ, డీవీడీలను ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

పెళ్లి వీడియోలు, పిల్లల చిన్నప్పటి ఫొటోలు, ఆసుపత్రి ఇచ్చిన ఎంఆర్‌ఐ స్కాన్లు, కోర్టు కేసుల రికార్డింగులు... మన బీరువాల్లో ఇవన్నీ ఇప్పటికీ డిస్కుల్లోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ వచ్చాక డిస్క్ కొనేవాళ్లు తగ్గారు కానీ, అందులో దాచినవి ఎక్కడికీ పోలేదు. కొత్తగా రాసేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో చాలామంది చేసే పరీక్ష ఒక్కటే: డిస్క్ పెడతారు, ఫోల్డర్ తెరుచుకుంటే చాలనుకుంటారు.

ఆ పరీక్ష ఎందుకు సరిపోదో ముందు తెలియాలి. ఏ డిస్క్‌నైనా డ్రైవ్ తప్పులతోనే చదువుతుంది. కొత్త డిస్క్ అయినా సరే. ఆ తప్పులను దిద్దడానికి డేటాతో పాటు అదనపు బైట్లు కూడా రాసి ఉంటాయి. డీవీడీలో 32 కేబీ డేటాను ఒక బ్లాకుగా తీసుకుని, దిద్దుబాటు బైట్లు కలిపి 208 వరుసలుగా, వరుసకు 182 బైట్ల చొప్పున అమరుస్తారు. ఒక వరుసలో 5 బైట్ల దాకా తప్పులుంటే ఆ వరుసే సరిచేసుకుంటుంది. అంతకు మించితే నిలువుగా పనిచేసే రెండో దిద్దుబాటు అందుకుంటుంది. ఈ రెండూ పనిచేస్తున్నంత కాలం సినిమా చక్కగా ఆడుతుంది, ఫైలు చక్కగా కాపీ అవుతుంది. లోపల డిస్క్ ఎంత పాడైందో పైకి తెలియదు. రంగు వేసిన దూలాన్ని లోపల చెదలు తింటున్నట్టు ఉంటుంది. రెండో దిద్దుబాటు కూడా చేతులెత్తేసిన రోజున ఒక్కసారిగా ఫైలు పోతుంది.

కాబట్టి పరీక్షలో తేల్చాల్సినవి మూడు. మనం ఇచ్చిన డేటా డిస్క్‌పై ఉన్నదున్నట్టు పడిందా? దాన్ని చదవడానికి డ్రైవ్ ఎంత కష్టపడుతోంది? ఏడాది తర్వాత ఆ కష్టం పెరిగిందా? ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంది. ఒకటి చేసి మిగతా రెండూ తెలిసినట్టే అనుకోకూడదు.

అడుగు 1: డిస్క్ అసలు ఎవరు చేశారో చూడండి

పెట్టె మీద బ్రాండు ఒకటి, లోపల డిస్క్ తయారు చేసిన ఫ్యాక్టరీ మరొకటి కావచ్చు. రాయదగ్గ ప్రతి డీవీడీలోనూ తయారీదారు కోడ్ ముందే ముద్రించి ఉంటుంది. డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్ అనే ప్రోగ్రామ్‌లో ఖాళీ డిస్క్ పెడితే కుడివైపు వివరాల్లో కనిపిస్తుంది. లినక్స్‌లో డీవీడీ+ఆర్‌డబ్ల్యూ టూల్స్‌తో వచ్చే డీవీడీ+ఆర్‌డబ్ల్యూ-మీడియాఇన్ఫో కమాండ్ చూపిస్తుంది. 'ఎంసీసీ' అని మొదలైతే మిత్సుబిషి కెమికల్, అంటే వెర్బాటిమ్ వాడిన సాంకేతికత. 'టీవైజీ' అయితే జపాన్‌కు చెందిన తైయో యుడెన్. 'సీఎంసీ మ్యాగ్' అంటే తైవాన్ కంపెనీ సీఎంసీ. 'ఎంబీఐ' అంటే మన నోయిడాలోని మోజర్ బేయర్.

తైయో యుడెన్ 2015లో ఈ వ్యాపారం మానేసింది. మోజర్ బేయర్‌ను మూసి ఆస్తులు అమ్మాలని 2018లో కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆదేశించింది. వెర్బాటిమ్ బ్రాండు 2019లో సీఎంసీ చేతికి వెళ్లింది. అందుకే పాత స్పిండిల్ (ఖాళీ డిస్కులు ఒకదానిపై ఒకటి పేర్చిన డబ్బా) ఎక్కడైనా దొరికితే మంచి బ్రాండు అని కళ్లు మూసుకుని కొనకండి. రాయకముందు ఎన్నేళ్లు ఏ గోడౌన్‌లో ఉందో తెలియని డిస్క్ అది. పేరున్న కోడ్‌ను దొంగగా ముద్రించిన డిస్కులు కూడా మార్కెట్లో తిరిగాయి. కోడ్ చూసి ఒక అంచనాకు రండి, తీర్పు మాత్రం ఏడో అడుగులో చెప్పే లోపాల స్కాన్‌కే వదిలేయండి.

ఇంకో విషయం. అదే మోజర్ బేయర్ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ చొప్పున అమ్మిన సినిమా డిస్కులు చాలా ఇళ్లలో ఉన్నాయి. అవి ఫ్యాక్టరీలో అచ్చు వేసినవి, వాటిలో డై (లేజర్ తగిలితే మారే రంగు రసాయనపు పొర) ఉండదు. లేజర్‌తో డైని మార్చి రాసే డిస్కులు వేరు. మీ దగ్గరున్న పాత సినిమా డీవీడీ ఇంకా ఆడుతోంది కదా అని అదే వయసున్న పెళ్లి డీవీడీ కూడా బాగుంటుందని అనుకోవద్దు. కాంతికి, వేడికి మొదట లొంగేది డై.

అడుగు 2: రాసే ముందే చెక్‌సమ్ తీసి పెట్టుకోండి

హార్డ్‌డిస్క్‌లో ఉన్న అసలు ఫైళ్లకు చెక్‌సమ్‌లు, అంటే ఒక్కో ఫైలుకు వేలిముద్రలా ఉండే షా-256 విలువలు తీసి ఒక టెక్స్ట్ ఫైలులో దాచండి. విండోస్‌లో ఇందుకు సెర్ట్‌యుటిల్ కమాండ్ సిద్ధంగా ఉంటుంది. లినక్స్‌లో షా256సమ్ ఉంది. ఆ టెక్స్ట్ ఫైలును డిస్క్‌లోనూ పెట్టండి, బయట ఇంకోచోట కూడా ఉంచండి. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ విలువ పూర్తిగా మారిపోతుంది.

కోర్టుకు ఇచ్చే రికార్డింగు అయితే ఈ అడుగు అస్సలు వదలకండి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఇలాంటి చెక్‌సమ్) కూడా రాయాలి.

అడుగు 3: రాయడం

16ఎక్స్ (మూల వేగానికి 16 రెట్లు) దాకా రాయగల డిస్క్‌ను 8ఎక్స్‌లో రాయండి. బాగా నెమ్మదిగా రాస్తే బాగా పడుతుందన్న నమ్మకం ఒకటి ఉంది. అది పాత సీడీల కాలం నాటి మాట. ఏ వేగంలో లేజర్‌కు ఎంత శక్తి ఇవ్వాలో డ్రైవ్ ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) డిస్క్ కోడ్ వారీగా రాసి ఉంటుంది. 16ఎక్స్ డిస్క్‌కు తక్కువ వేగాల కోసం ఆ లెక్కలు సరిగ్గా ఉండకపోవచ్చు. మీ డ్రైవ్, మీ డిస్క్ జోడీకి ఏ వేగం నప్పుతుందో ఏడో అడుగులోని స్కాన్ తేలుస్తుంది. 8ఎక్స్‌లో ఒకటి, 12ఎక్స్‌లో ఒకటి రాసి రెండింటినీ పోల్చండి.

డిస్క్ అంచు దాకా నింపకండి. 4.7 జీబీ డిస్క్ కంప్యూటర్ లెక్కలో 4.38 జీబీ. నేనైతే 4 దగ్గరే ఆపేస్తాను, కారణం ఏడో అడుగులో గ్రాఫ్ చూసినప్పుడు అర్థమవుతుంది. చివర్లో డిస్క్‌ను ఫైనలైజ్ చేయండి (ఇక రాయడానికి లేకుండా ముగించండి), లేకపోతే చాలా ప్లేయర్లు దాన్ని గుర్తించవు.

అడుగు 4: కంటితో చూడండి

డిస్క్‌ను ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుని చూడండి. సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడ లోహపు పొర లేదు. రాసిన భాగం కొంచెం వేరే రంగులో, వలయంగా, సమంగా ఉండాలి. అంచు దగ్గర డై చెదిరినట్టు, మబ్బు పట్టినట్టు ఉంటే ఆ డిస్క్‌ను పక్కన పెట్టేయండి.

సీడీకి, డీవీడీకి ఒక పెద్ద తేడా ఉంది. డీవీడీలో డేటా పొర 0.6 మి.మీ. మందం ఉన్న రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో ఉంటుంది. సీడీలో అది పైవైపున, లేబుల్‌కు సరిగ్గా కిందే ఉంటుంది. దాన్ని కాపాడేది పల్చటి లక్క పూత ఒక్కటే. అందుకే సీడీకి కింది గీతల కంటే పై గీతలే ప్రమాదం. బాల్‌పెన్‌తో సీడీ మీద పేరు రాస్తే డేటా పొర నొక్కుకుపోతుంది. గుండ్రటి స్టిక్కర్లు అంటించడం ఇంకా చెడ్డది. జిగురు పొరను తినేస్తుంది, డిస్క్ తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది. రాయాలనుకుంటే నడుమ ఉన్న పారదర్శక వలయంలో మార్కర్‌తో రాయండి.

అడుగు 5: రాసింది, అసలుది పోల్చండి

ఇమ్‌గ్‌బర్న్‌లో వెరిఫై పెట్టెలో టిక్ పెడితే రాయడం అయ్యాక అదే పోల్చి చూస్తుంది. వెరిఫై మొదలయ్యేముందు ట్రే ఒకసారి బయటికొచ్చి లోపలికి వెళ్లాలి, ఆ సెట్టింగ్ ఆపేయకండి. లేకపోతే కంప్యూటర్ మెమరీలో మిగిలిన డేటానే చదివి 'అంతా బాగుంది' అనే అవకాశం ఉంటుంది.

తర్వాత అదే డిస్క్‌ను ఇంకో కంప్యూటర్లో, ఇంకో డ్రైవ్‌లో పెట్టి రెండో అడుగులోని చెక్‌సమ్‌లు సరిపోయాయో లేదో చూడండి. రాసిన డ్రైవ్‌కు తన రాత సాధారణంగా తేలిగ్గానే ఉంటుంది. వేరే డ్రైవ్ చదవగలిగిందా అన్నదే అసలు ప్రశ్న.

లినక్స్ వాడేవారికి ఒక హెచ్చరిక. సీడీని ట్రాక్-ఎట్-వన్స్ పద్ధతిలో రాస్తే చివర రెండు ఖాళీ బ్లాకులు మిగులుతాయి. డీడీ కమాండ్‌తో డిస్క్ మొత్తాన్ని చదివితే అక్కడ ఇన్‌పుట్ ఎర్రర్ వస్తుంది. డిస్క్ పోయిందని టెన్షన్ పడొద్దు. ఐసోసైజ్ కమాండ్‌తో అసలు పరిమాణం తెలుసుకుని, అంతవరకే చదివి పోల్చండి.

అడుగు 6: చదివే వేగం గ్రాఫ్

నీరో డిస్క్‌స్పీడ్ లేదా ఆప్టీ డ్రైవ్ కంట్రోల్‌లో రీడ్ స్పీడ్ పరీక్ష నడపండి. 16ఎక్స్ డ్రైవ్ అయితే లోపలి వలయాల దగ్గర దాదాపు 6 నుంచి 7ఎక్స్‌తో మొదలై, అంచు చేరేసరికి 16ఎక్స్‌కు చేరాలి. గీత నున్నగా పైకి వెళ్లాలి. మధ్యలో గోతులు పడితే అక్కడ డ్రైవ్ ఆగి, వేగం తగ్గించి, మళ్లీ చదివిందన్నమాట. ఈ పరీక్షకు ప్రత్యేకమైన డ్రైవ్ అక్కర్లేదు, ఏ ల్యాప్‌టాప్ డ్రైవ్‌తోనైనా చేయొచ్చు. స్కాన్ చేయగల డ్రైవ్ దొరకనివాళ్లకు ఇదే పెద్ద ఆధారం. సీడీలకు, డీవీడీలకు, బ్లూ-రేలకు అన్నిటికీ పనికొస్తుంది.

అడుగు 7: లోపాల స్కాన్

ఈ అడుగుకు అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టండి. చదివేటప్పుడు దిద్దుబాటు ఎన్నిసార్లు పనిచేయాల్సి వచ్చిందో కొన్ని డ్రైవ్‌లు లెక్కపెట్టి చెబుతాయి. అన్నీ చెప్పవు. లైట్-ఆన్ డ్రైవ్‌లు, ముఖ్యంగా ఐహాస్124 వంటివి, ఇందుకు పేరు పడ్డాయి. పాత ప్లెక్స్‌టర్, బెన్‌క్యూ డీడబ్ల్యూ1640 కూడా చెబుతాయి. చాలా ఎల్జీ డ్రైవ్‌లలో, పల్చటి యూఎస్‌బీ డ్రైవ్‌లలో ఈ సదుపాయం ఉండదు. పాత డెస్క్‌టాప్‌లు అమ్మే దుకాణాల్లో లైట్-ఆన్ సాటా డ్రైవ్ కనిపిస్తే తీసి ఉంచుకోవడం మంచిది. విండోస్‌లో నీరో డిస్క్‌స్పీడ్, ఆప్టీ డ్రైవ్ కంట్రోల్, లైట్-ఆన్ కోసం కేప్రోబ్ ఉన్నాయి. లినక్స్‌లో క్యూపీఎక్స్‌టూల్ ఉచితం.

డిస్క్ పెట్టి, వేగం ఎంచుకుని, మొదలుపెట్టండి. 8ఎక్స్‌లో నిండు డీవీడీకి ఏడెనిమిది నిమిషాలు, 4ఎక్స్‌లో పావుగంట పడుతుంది. ఆ సమయంలో కంప్యూటర్‌లో వేరే పని పెట్టకండి.

సీడీలో చూడాల్సినవి సీ1, సీ2. సీ1 అంటే మొదటి దశలోనే దిద్దుకుపోయినవి. ప్రమాణం ప్రకారం ఇవి సగటున సెకనుకు 220 దాటకూడదు. కానీ బాగా రాసిన సీడీలో సగటు ఒకటి రెండు అంకెల్లోనే ఉంటుంది. 220 దగ్గర్లో తిరిగే సీడీ ప్రమాణం ప్రకారం పాసైనా, నేను దాన్ని దాచుకోను. సీ2 సున్నా ఉండాలి, అంతే. డేటా సీడీలో ప్రతి సెక్టారుకు (డేటాను విడగొట్టిన చిన్న ముక్క) ఇంకో 276 బైట్ల దిద్దుబాటు ఉంటుంది కాబట్టి కాస్త ఊపిరి ఉంది. ఆడియో సీడీకి ఆ మూడో దశ లేదు. దిద్దలేని చోట ప్లేయర్ అటూ ఇటూ ఉన్న ధ్వనిని చూసి ఊహించి నింపుతుంది. అమ్మమ్మ పాటలో, నాన్నగారి ప్రసంగంలో టిక్కుమనే శబ్దం వస్తే కారణం చాలాసార్లు అదే.

డీవీడీలో చూడాల్సినవి మూడు. పీఐ ఎర్రర్లు అంటే అడ్డ వరుసల్లో కనిపించిన తప్పులు. వరుసగా ఉన్న 8 బ్లాకుల్లో ఇవి 280 దాటకూడదని ప్రమాణం. పీఐఎఫ్ అంటే అడ్డ వరుస దిద్దలేక రెండో దిద్దుబాటుకు వదిలినవి. ఒక్కో బ్లాకుకు 4 దాటకపోతే మంచిదని ఇళ్లలో పరీక్షించేవారు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. పీఓ ఫెయిల్యూర్ అంటే రెండో దిద్దుబాటు కూడా ఓడిపోయింది, ఆ డేటా పోయినట్టే. ఇది ఒక్కటి కూడా ఉండకూడదు. దాచుకునే డిస్కులకు నా హద్దు ఇంకా కఠినం. రాసిన రోజున పీఐ 140 దాటితే ఆ డిస్క్‌ను పక్కన పెట్టి మళ్లీ రాస్తాను. మొదటి రోజే సగం హద్దు దాటిన డిస్క్‌కు ముసలితనం కోసం మిగిలేది చాలా తక్కువ.

బ్లూ-రేలో వీటి స్థానంలో ఎల్‌డీసీ, బీఐఎస్ అనే లెక్కలుంటాయి. చదివే తీరు ఇంచుమించు ఒకటే, సంఖ్యల కంటే గ్రాఫ్ ఆకారం చూడండి.

నీరో డిస్క్‌స్పీడ్ చివర్లో 100కి ఒక మార్కు ఇస్తుంది. అందరూ చూసేది అదే, కానీ నేను దానికి ఎక్కువ విలువ ఇవ్వను. ఆ మార్కు ప్రధానంగా పీఐఎఫ్ అత్యధిక విలువ మీద ఆధారపడుతుంది. ఒక దుమ్ము కణం వల్ల వచ్చిన ఒక్క ముల్లు మంచి డిస్క్ మార్కును దించేస్తుంది. డిస్క్ పొడవునా ఎత్తుగా ఉన్న పీఐ గోడను మాత్రం అది సరిగ్గా చెప్పదు. గ్రాఫ్ చూడటం నేర్చుకుంటే మార్కు అవసరం ఉండదు.

ఒంటరిగా ఒకచోట ముల్లులా లేస్తే ముందు దుమ్ము, వేలిముద్ర, గీత అని అనుమానించండి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే పోతుంది, దాన్ని దిద్దడం డ్రైవ్‌కు మరీ కష్టం. మళ్లీ స్కాన్ చేయండి. ముల్లు అదే చోట ఉంటే లోపం డిస్క్‌ది. చోటు మారితే డ్రైవ్‌నో, వెనక నడుస్తున్న ప్రోగ్రాములనో చూడాలి.

అంచుకు పోయేకొద్దీ తప్పులు పెరగడం చాలా మామూలు. డై పూత అంచుల్లో సమంగా పడదు, డిస్క్ కొద్దిపాటి వంపు కూడా అక్కడే ఎక్కువ బయటపడుతుంది. నింపకుండా వదలమన్నది ఇందుకే. మెట్లు మెట్లుగా ఉంటే రాసే డ్రైవ్ ఆ చోట్ల వేగం మార్చిందని అర్థం. మొదటి నుంచి చివరి దాకా మొత్తం ఎత్తుగా ఉంటే ఆ డ్రైవ్‌కు, ఆ డిస్క్‌కు పొత్తు కుదరలేదు. వేగం మార్చి చూడండి, అప్పటికీ అంతే అయితే బ్రాండ్ మార్చండి.

ఇంట్లో వచ్చే అంకెలు ప్రయోగశాల అంకెలు కావు. ప్రయోగశాలల్లో ఇందుకోసమే చేసిన, కాలిబ్రేట్ చేసిన యంత్రాలతో కొలుస్తారు. మన డ్రైవ్ చెప్పేది ఆ డ్రైవ్ దృష్టిలో డిస్క్ ఎలా ఉందన్నదే. అందుకే ఒకే డ్రైవ్, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే వేగం. వీటిలో ఏది మారినా పాత స్కాన్‌తో పోలిక చెల్లదు.

అడుగు 8: ఆడే చోట ఆడించి చూడండి

వీడియో డిస్క్ అయితే టీవీ కింద ఉన్న పాత ప్లేయర్‌లో పెట్టి, మొదలు, మధ్య, చివర కొంచెం కొంచెం చూడండి. చివరి పది నిమిషాలు తప్పకుండా చూడండి. ఆగి ఆగి ఆడే డిస్కులు ఎక్కువగా అక్కడే ఆగుతాయి. డీవీడీ+ఆర్‌ను పాత ప్లేయర్ తీసుకోకపోతే, రాసేటప్పుడు బుక్ టైప్‌ను (డిస్క్ ఏ రకమో ప్లేయర్‌కు చెప్పే గుర్తు) డీవీడీ-రోమ్‌గా మార్చండి. ఇమ్‌గ్‌బర్న్‌లో ఈ వీలుంది, డ్రైవ్ కూడా ఒప్పుకోవాలి.

స్టూడియోల వాళ్లు ఒక స్పిండిల్ మొత్తం రాస్తున్నప్పుడు ప్రతి డిస్క్‌నూ స్కాన్ చేయడం కుదరదు. పై నుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి స్కాన్ చేయండి, మిగతావాటికి వెరిఫై చాలు. ఆ మూడింటిలో ఒకటి తేడాగా ఉంటే మాత్రం మొత్తం చూడాల్సిందే.

అడుగు 9: రాసి పెట్టుకోండి, మళ్లీ కొలవండి

స్కాన్ గ్రాఫ్‌ను బొమ్మగా సేవ్ చేసి, తేదీ, డ్రైవ్, వేగం, డిస్క్ కోడ్‌తో పేరు పెట్టండి. ఏడాదికోసారి అదే డ్రైవ్‌లో మళ్లీ స్కాన్ చేయండి. పీఐ అత్యధికం 20 నుంచి 25కి పెరిగితే పట్టించుకోనక్కర్లేదు. 20 నుంచి 90కి పెరిగితే, హద్దుకు ఇంకా చాలా దూరంలో ఉన్నా, ఆ డిస్క్ దిగజారుతోంది. వెంటనే కాపీ తీయాలి. ఒకే స్పిండిల్ డిస్కులు తరచూ ఒకేసారి దెబ్బతింటాయి కాబట్టి దాని తోడువాటిని కూడా చూడండి.

మన వాతావరణంలో ఇది మరీ అవసరం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన సూచనల్లో డిస్కులకు 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ మంచిదని ఉంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఆ వేడి కుదరదు, విశాఖ, కాకినాడ గాలిలో ఆ తేమ కుదరదు. చేయగలిగిందల్లా అటక మీద కాకుండా కింది అరలో, వెలుతురు తగలకుండా, గట్టి పెట్టెల్లో, నిలువుగా పెట్టడం. పల్చటి ప్లాస్టిక్ కవర్లలో ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ఏ బ్రాండ్ ఎండకు ఎక్కువ ఓర్చుకుంటుందో చూడాలనుకుంటే, పారేసినా ఫర్వాలేదనుకునే డిస్కులను ఒకేలా రాసి, స్కాన్ చేసి, డేటా వైపు ఎండ తగిలేలా కిటికీలో ఉంచండి. కొన్ని వారాల తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే తేడా తెలుస్తుంది. దీనితో ఏది మెరుగో తెలుస్తుంది గానీ, బీరువాలో ఎన్నేళ్లు ఉంటుందో లెక్కకట్టలేం.

డిస్క్ పోతోందని తెలిస్తే

రాసేటప్పుడే డీవీడిజాస్టర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఐఎస్ఓ ఇమేజ్‌కు (డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉన్న నకలు) అదనపు దిద్దుబాటు డేటా కలిపి ఉంటే పని తేలిక. అది డిస్క్‌లో మిగిలిన ఖాళీని వాడుకుంటుంది. కొన్ని సెక్టార్లు పోయినా ఇమేజ్‌ను తిరిగి కట్టగలదు. దిద్దుబాటు డేటాను వేరే ఫైలుగా హార్డ్‌డిస్క్‌లో ఉంచుకునే పద్ధతి కూడా ఉంది. ఇదంతా డిస్క్ బాగున్నప్పుడే చేయాలి, పాడయ్యాక చేసి లాభం లేదు.

అది లేకపోతే, ముందు డిస్క్‌ను తుడిచి, డ్రైవ్ వేగం తగ్గించి ప్రయత్నించండి. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైళ్లు లాగి కాపీ చేయడం మానండి, మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంది. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి. అది చదవగలిగినదంతా ముందు తీసి, చదవలేని చోట్లను ఒక మ్యాప్ ఫైలులో గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అదే మ్యాప్ ఫైలుతో డిస్క్‌ను రెండో డ్రైవ్‌లో, మూడో డ్రైవ్‌లో పెట్టి నడపండి. ఒక డ్రైవ్ చదవలేని సెక్టారును ఇంకోటి చదవడం తరచూ జరుగుతుంది, ఖాళీలు ఒక్కొక్కటిగా నిండుతాయి. పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లు ఈ పనిలో ల్యాప్‌టాప్ డ్రైవ్‌ల కంటే ఎక్కువ పనికొస్తాయి. ఇమేజ్ పూర్తయ్యాక, చెక్‌సమ్ ఫైలు ఉంటే దానితో పోల్చి, ఏ ఫైలు పూర్తిగా వచ్చింది, ఏది సగమే వచ్చిందో విడిగా రాసి పెట్టుకోండి. సగమే వచ్చిన వీడియో కూడా చాలాసార్లు ఆడుతుంది, దాన్ని డిలీట్ చేయకండి.